సలేశ్వరం పోయేవాళ్లకు పరదా ముక్కలు చాలు

సంపాదకులకు నమస్కారం.

నల్లమల అడవిలో లింగమయ్య (శివుడు) కొలువైన సలేశ్వరంలో జాతర ముగియగానే అక్కడ పడి ఉన్న నీళ్ల సీసాలు, చిరిగిన ప్లాస్టిక్ కవర్ల ఫోటోలు ఏటా పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. ప్లాస్టిక్ తేవద్దని అటవీశాఖ వాళ్లు అంటారు. భక్తులకు బుద్ధి లేదని ఉత్తరాలు రాసేవాళ్లు రాస్తారు. తేవద్దు సరే, దాని బదులు ఏం తేవాలో చెప్పేవాళ్లే లేరు. అచ్చంపేటలో లారీ పరదాలు కుట్టుకుని బతికేవాణ్ని, ఆ ముచ్చట నేను చెబుతాను.

ఇప్పుడు లారీల మీద ఎక్కువగా ప్లాస్టిక్ పట్టాలే కనిపిస్తున్నాయి గానీ నూలు కాన్వాస్ పని పూర్తిగా పోలేదు. ఒక్కో పరదా కుడితే మూరెడు, రెండు మూరల ముక్కలు మిగులుతాయి. అవన్నీ దుకాణంలో మూలకు పడి ఉంటాయి. అడిగితే తూకానికి ఇస్తాం. చదువుకునే పిల్లలైతే ఉత్తగనే పట్టుకుపోతారు.

ముందు కుట్టుకోవాల్సింది వీపుకు వేసుకునే సంచి. సలేశ్వరం లోయలోకి దిగే దారి తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, బండల మధ్య రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఒక చేత సంచి, ఇంకో చేత పిల్లను పట్టుకుని ‘వస్తున్నం లింగమయ్యా’ అంటూ దిగేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. ముక్కను మధ్యకు మడిచి, రెండు పక్కలా కుట్టి, కింది రెండు మూలలను అడ్డంగా కుట్టేస్తే అడుగు వెడల్పవుతుంది. అసలు పనంతా పట్టీ అతికే చోటే. అక్కడ ఒక వరస కుట్టేసి ఊరుకుంటే కొబ్బరికాయలు, సద్ది పెట్టగానే ఊడొస్తుంది. లోపలి నుంచి ఇంకో ముక్క ఆనించి, పట్టీ చివరను నలుపక్కలా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులాగా మూల నుంచి మూలకు రెండు కుట్లు వేయాలి.

ఇంట్లో ఉన్న మామూలు మిషనే చాలు, సూది మాత్రం 18 నంబరుది పెట్టండి. అంగుళానికి ఆరేడు కుట్లు మించొద్దు. దగ్గర కుట్టయితే గట్టిగా ఉంటుందని కొందరి నమ్మకం. అలా కుడితే తపాలా బిళ్ల అంచులాగా చిల్లులు పడి అక్కడికక్కడే చిరుగుతుంది. మడతలు నాలుగైన చోట కాలు ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పండి. కొత్త నూలు కాన్వాస్ తడిస్తే ముడుచుకుంటుంది, కాబట్టి కోసే ముందు ఒక రాత్రి నానబెట్టి ఆరేయాలి.

కింద పరుచుకునే గుడ్డకు నాలుగడుగులు, ఆరడుగుల ముక్క సరిపోతుంది. అంచు రెండు మడతలు వేసి కుట్టి, మూలలకు ఇంకో ముక్క వేసి రింగులు కొట్టించుకుంటే ఎండకు పైన కూడా కట్టుకోవచ్చు. చెమ్మ దిగకుండా ఉండాలంటే కొవ్వొత్తిని రెండు వైపులా రుద్ది, పైన కాగితం వేసి ఇస్త్రీ చేయాలి. కాస్త తేనెపట్టు మైనం కలిపితే గుడ్డ మెత్తగా ఉంటుంది. కలిపేటప్పుడు మైనం గిన్నెను నేరుగా మంట మీద పెట్టొద్దు, మరిగే నీళ్ల గిన్నెలో దించి కరిగించాలి. మైనం పట్టించిన గుడ్డ ఊరికే అంటుకుంటుంది, పొయ్యి దగ్గర పెట్టొద్దు. ఇంట్లో తాతల నాటి గొంగడి ఉన్నవాళ్లకు ఇదంతా అవసరం లేదు, దాన్ని మించింది నేను కుట్టలేను.

ఇక నీళ్ల సంచి. వెనకట లారీల ముందు తాడుతో వేలాడుతుండేది, పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. గుడ్డలోంచి నీళ్లు సన్నగా చెమర్చి, ఆ తడి గాలికి ఆరుతుంటే లోపలి నీళ్లు చల్లబడతాయి. జాతర చైత్ర పున్నమికి వస్తుంది. అప్పటి మన పొడి ఎండలకు ఇది బాగా పనిచేస్తుంది, వానాకాలంలో ఏమీ లాభం లేదు. దీనికి మైనం అసలు తగలనీయొద్దు. ఒత్తుగా నేసిన తెల్ల కాన్వాసే తీసుకోవాలి. జీన్స్ ప్యాంటు పక్క కుట్టులాగే ఒక అంచును ఇంకోదాంట్లోకి మడిచి రెండు వరసలు కుట్టాలి. నూలు దారమైతే తడికి ఉబ్బి సూది చిల్లులను మూసేస్తుంది. ఒక మూల సన్నటి మెడలా వదిలితే మూతి కట్టుకోవచ్చు. మొదట్లో కారుతుంది, నింపి ఒక రాత్రి వేలాడదీస్తే పోగులు ఉబ్బి తగ్గుతుంది. గుడ్డ వాసన పోయేదాకా నీళ్లు మార్చాలి. పాత పచ్చ పరదాలను మాత్రం దీనికి ముట్టుకోవద్దు. కుళ్లకుండా వాటికి మందులు పట్టిస్తారు, తాగే నీళ్లకు అవి పనికిరావు.

మహిళా సంఘాల్లో కుట్టు నేర్చినవాళ్లు మా దిక్కు ఎందరో ఉన్నారు. జాతర రోజుల్లో సలేశ్వరం పోయే దారిలోని మన్ననూరులో వాళ్లకు ఒక బల్ల వేసే చోటు చూపిస్తే సంచులు వాళ్లే కుట్టి అమ్ముతారు, అధికారులు ఆలోచించాలి. బడుల్లో వేసవి శిబిరాలు పెట్టేవాళ్లు కాగితప్పూలతో పాటు పట్టీ అతికే కుట్టు ఒక్కటి నేర్పినా మేలే. సొంతంగా కుట్టుకోవాలనుకునేవాళ్లు ముక్కల కోసం మా దుకాణాలకు జాతరకు నెల ముందే రండి. ఆ వారంలో వస్తే ముక్కలు ఏరి ఇచ్చే తీరిక మాకు ఉండదు.

— ఒక పరదాల దర్జీ, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా