నంబరు చివర 'సీసీ4' ఉన్న ఎంజిన్ 1955ది ఎలా అవుతుంది?

మేనేజర్ గారికి,
పాత పడవ ఎంజిన్ల అమ్మకాల విభాగం.

విషయం: బ్రిటిష్ సీగల్ ఫార్టీ ప్లస్ ఔట్‌బోర్డు (పడవ వెనక బయట బిగించే) ఎంజిన్ – తప్పుడు చరిత్ర పత్రం, తప్పుడు సర్వీసు.

అయ్యా,

'పూర్తిగా సర్వీసు చేసిన 1955 మోడల్' అని మీరు మాకు అమ్మిన ఎంజిన్ 1955ది కాదు. క్రాంక్‌కేస్ (ఎంజిన్ అడుగు పెట్టె) మీది నంబరు కొత్త పెయింటు కింద పూడిపోయింది. థిన్నర్ గుడ్డ వేసి నానబెట్టి తుడిస్తే బయటపడింది. (వైర్ బ్రష్ పెట్టలేదు. అల్యూమినియం మీద అచ్చు లోతు తక్కువ, గీకితే చెరిగిపోతుంది.) చివర 'సీసీ4' అని ఉంది. సీగల్ వాళ్లు 1960లలో నంబరు చివర నెలకో ఇంగ్లిషు అక్షరం, ఏడాదికో అంకె కొట్టేవారు. 1970లలో ఆ అక్షరాన్నే రెండుసార్లు కొట్టారు. ఏ జనవరి, బీ ఫిబ్రవరి, సీ మార్చి. ఇది 1974 మార్చి సరుకు. 1955 నంబర్లకు ఈ తోకే ఉండదు.

'పుట్టింది పూల్‌లోనే' (ఇంగ్లండులోని ఊరు) అని కూడా పత్రంలో రాశారు. సీగల్ మొదలైంది 1931లో, వోల్వర్‌హాంప్టన్‌లో, జాన్ మార్స్టన్ సంస్థలో. మొదటి పేరు మార్స్టన్ సీగల్. డార్సెట్‌లోని పూల్‌కు చేరింది తర్వాత. ఏడాదిని బట్టి ధర కట్టే వస్తువుకు ఈపాటి వాకబైనా చేయలేదా?

ధర తేడా డబ్బుతో సరిపోతుంది. ట్యాంకు మీద మీరు అంటించిన '25:1' (పెట్రోలు, నూనెల పాళ్లు) స్టిక్కరు మాత్రం ఎంజిన్‌నే తినేస్తుంది. ఆ లెక్కన లీటరు పెట్రోలుకు 40 మి.లీ. నూనె. దీనికి కావలసింది 10:1, అంటే 100 మి.లీ. క్రాంక్‌షాఫ్ట్ (ఎంజిన్‌లో తిరిగే ఇరుసు) కంచు బుష్‌లలో, అంటే గొట్టాల్లాంటి తొడుగుల్లో, తిరుగుతుంది, విడిగా ఆయిల్ సీళ్లు లేవు. ఇరుసుకూ బుష్‌కూ మధ్య సందు మూసి క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి నిలిపేది నూనె పొరే. అది పలచబడితే మొదట స్టార్టింగ్ మొరాయిస్తుంది, తర్వాత బుష్ అరుగుతుంది, అరిగిన బుష్ ఇంకా గాలి పీలుస్తుంది. 25:1కి మార్చే పద్ధతి ఉంది, కాదనం. కానీ నూనె తగ్గిన మేరకు పెట్రోలు పెరుగుతుంది కాబట్టి కార్బ్యురేటర్ జెట్ (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రం) కూడా మార్చాలి. మీరు మార్చింది స్టిక్కరొక్కటే.

గేర్‌బాక్స్‌లో 'నీళ్లు రాకుండా' గ్రీజు కూరామని మీ సర్వీసు చీటీ చెబుతోంది. సీగల్ గేర్‌బాక్స్‌లోకి నీళ్లు రావడం మామూలే. అందుకే ఎస్ఏఈ 140 అనే చిక్కటి గేర్ ఆయిల్ పోస్తారు. నీళ్లు కలిసి పాలలా తెల్లబడినా అది గేర్ల పళ్లను తడుపుతూనే ఉంటుంది. గ్రీజును పళ్లు ఒకసారి పక్కకు నెట్టేస్తే మళ్లీ రాదు.

నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల సందు, ప్లగ్ సందు 0.5 మి.మీ. సరిగ్గా ఉన్నాయి. అవి పెట్టినవారికి పని తెలుసు. స్టిక్కరు అంటించింది వారు కాదనే అనుకుంటున్నాం.

15 రోజుల్లో 1974 ఎంజిన్ ధర పోను మిగతా సొమ్ము తిరిగి ఇవ్వాలి. మీ ఖర్చుతో గేర్‌బాక్స్ విప్పి, గ్రీజు కడిగి, పళ్లు మాకు చూపించాకే 140 ఆయిల్ పోసి మూయాలి. బుష్‌లు అరిగి వదులయ్యాయేమో చూడాలి. నంబరు, దాన్ని చదివిన పద్ధతి రాసి కొత్త పత్రం ఇవ్వాలి. ఇదే స్టిక్కరుతో ఎంజిన్లు కొన్న మిగతావారికి వెంటనే తెలియజేయండి, వాళ్లు వాటిని నీళ్లలో దించకముందే.

ఇట్లు,
కొనుగోలుదారులు

జత: నంబరు, స్టిక్కరు, గేర్‌బాక్స్ ఫొటోలు, రసీదు నకలు.