జింక కడుపులో నీళ్లు, ఒంటి మీద రంగులు

సంపాదకుడు గారికి,

పార్కులోని సిమెంటు బొమ్మలు పాడైపోతున్నాయని మీ జిల్లా పేజీలో వార్త వచ్చి పది రోజులు దాటింది. తెలిసినవాళ్లెవరైనా జవాబు రాస్తారేమోనని చూశాను, ఎవరూ రాయలేదు. జింక కాళ్లు విరగడానికి కారణం పిల్లలు ఎక్కి ఊగడమట. దానికి తోడు కళాకారులు నాసిరకంగా చేశారట. అందుకని ఈసారి బొమ్మలన్నిటికీ రెండు కోట్లు రంగు వేయిస్తారట. (పూతల లెక్క లెండి, రూపాయలు కాదు. అక్కడిదాకా ఇంకా పోలేదు.)

పార్కులో జింక బొమ్మ పెడితే పిల్లలు ఎక్కక ఏం చేస్తారు, దణ్ణం పెట్టి పోతారా? పాతిక కిలోల పిల్లవాడి బరువుకు విరిగే కాలు, వాడు ఎక్కకపోయినా ఇంకో వానాకాలానికి విరుగుతుంది. నమ్మకపోతే గేటు పక్కనున్న జింకను వంగి చూడండి. వెనక కుడికాలికి మోకాలి కింద పెచ్చు లేచి లోపలి ఊచ కనిపిస్తోంది. ఊచ మీద ఉన్న సిమెంటు మందం వేలిగోరంత. తుప్పు మరక గిట్ట దాకా కారింది. కడుపు కింద సన్నటి నెర్రె ఉంది. వాన వెలిసిన మూడో రోజు కూడా అందులోంచి నీళ్లు చుక్క చుక్క రాలుతూనే ఉంటాయి. తుప్పు పట్టిన ఇనుముకు మొదట ఉన్న చోటు చాలదు, రెండింతలకు పైగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బే సిమెంటును బయటికి తోసింది. ఇందులో పిల్లల తప్పేముంది?

ఇలాంటి బొమ్మ చేయడం బ్రహ్మవిద్య కాదు, కానీ వరస తప్పకూడదు. కాళ్లలోని 10 ఎంఎం ఊచలు కాంక్రీటు దిమ్మెలోకి కనీసం అడుగు దిగి, కొసలు వంగి ఉండాలి. మన బొమ్మల్లో కొన్ని గచ్చు మీద నిలబెట్టి చుట్టూ మాలు (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) మెత్తినవే. వెన్నుకు 8 ఎంఎం, పక్కటెముకల వంపులకు 6 ఎంఎం సరిపోతాయి. బరువు పడే కీళ్ల దగ్గర వెల్డింగ్, మిగతా చోట్ల బైండింగ్ వైరు. దాని మీద కోళ్ల మెష్ (కోళ్ల గూళ్లకు కట్టే సన్న తీగ వల) రెండు పొరలు, ఒకదాని కన్నాల మీద ఇంకోదాని తీగ పడేట్టు బిగించాలి. మెష్ వదులుగా ఉంటే తాపీ తగిలినప్పుడల్లా ఎగురుతుంది, మాలు వెనకాల బోలు మిగులుతుంది. తర్వాత తట్టి చూస్తే డొల్ల మోత వచ్చేది అందుకే. చెవులకు, కొమ్ములకు లావు ఊచ పెట్టకూడదు, జీఐ తీగ (తుప్పు పట్టకుండా జింకు పూత పూసిన సన్న ఇనుప తీగ) వాడాలి. అంగుళం లావు లేని కొమ్ములో 8 ఎంఎం ఊచ దూర్చాక సిమెంటుకు చోటెక్కడుంటుంది?

మాలు సంగతి. మొదటి పూతకు ఒక పాలు సిమెంటుకు రెండు, మహా అయితే రెండున్నర పాళ్ల ఇసుక. పైపూతకు ఒకటికి మూడు, అదీ సన్న జల్లెడ పట్టింది. మట్టి ఉన్న ఇసుక, డస్ట్ ఎక్కువైన క్రషర్ ఇసుక రెండూ పనికిరావు. 50 కిలోల బస్తాకు 20 నుంచి 22 లీటర్ల నీళ్లు. పిడికిట పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి కారకూడదు. చేతికి సులువుగా ఉంటుందని ఇంకో రెండు మగ్గులు పోస్తే, ఆ అదనపు నీళ్లు ఆవిరయ్యాక వాటి చోట కన్నాలు మిగులుతాయి, వాన ఆ దారినే లోపలికి పోతుంది. కలిపిన మాలు గంటలోపు అయిపోవాలి. భోజనానికి పోయి వచ్చి, గట్టిపడ్డ మాలుకు మళ్లీ నీళ్లు చిలకరించి తిరగదోయడం మన పనుల్లో రోజూ కనిపించేదే. మొదటి పూత మెత్తగా ఉండగానే గీతలు గీసి పెట్టకపోతే రెండో పూత దాన్ని పట్టుకోదు, అప్పడంలా లేచి వస్తుంది. ఊచ మీద ముప్పావు అంగుళం, మెష్ మీద పావు అంగుళం మాలు ఉండి తీరాలి.

తర్వాతిదే అసలు పని, దానికి మాత్రం ఎవరూ పైసా ఇవ్వరు. వేడిగా, పొడిగా ఉండే చోట కాంక్రీటును కనీసం 10 రోజులు తడిగా ఉంచాలని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. తిరుపతి మే నెల ఎండ గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. గోనెసంచులు చుట్టి, అవి ఆరకుండా పొద్దస్తమానం తడుపుతూ ఉండాలి. పొద్దున ఒకసారి పైపు పట్టి వెళ్లిపోతే అది బొమ్మకు స్నానం అవుతుంది గానీ క్యూరింగ్ కాదు.

డొల్ల బొమ్మకు అడుగున రంధ్రం వదలాలి. ఎంత బాగా చేసినా వాననీరు ఎక్కడో ఒకచోట లోపలికి చేరుతుంది, బయటికి పోయే దారి మనమే ఇవ్వాలి. మన జింక కడుపులో గడ్డి, పాత గోనెలు కుక్కి పైన మూసేశారు. అవి నీళ్లు పీల్చుకుని, కుళ్లి, ఊచలకు ఏడాది పొడవునా తడి అందిస్తున్నాయి. ఇక నెమలి మెడ మీది ఈకల నగిషీ ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో తీర్చారు. అది ఇంట్లో సీలింగుకు పనికొచ్చే సరుకు. ఆరుబయట వానకు కరుగుతుంది. పైగా తడి తగిలితే అందులోని జిప్సం సిమెంటుతో కలిసి ఉబ్బి, కింది పూతను కూడా చీలుస్తుంది.

రంగు వేయడానికి కనీసం 28 రోజులు ఆగాలి. పచ్చి సిమెంటులోని క్షారం ఎనామిల్‌లోని నూనెను సబ్బులా మార్చేస్తుంది, రంగు పొరలు పొరలుగా ఊడుతుంది. లోపలి తడి పైకి వచ్చి తెల్లటి ఉప్పు పూస్తుంది. వేయాల్సింది క్షారాన్ని తట్టుకునే ప్రైమర్, దాని మీద బయటి గోడలకు వాడే ఎక్రిలిక్ రంగు. మన దగ్గర ప్రారంభోత్సవం తేదీ ముందు ఖాయమవుతుంది, సిమెంటు దానికి తగ్గట్టు ఆరాలి! రిబ్బన్ కత్తిరించే నాటికి బొమ్మ తళతళలాడాలి కాబట్టి ఎనామిల్. ఫొటోలో బాగానే పడింది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇప్పుడు కళాకారుల నాసిరకం గురించి. ఎస్టిమేట్‌లో ఉండేది ‘జింక, 4 అడుగులు, ఒకటి’ అన్న ఒక్క ముక్క. ఊచ ఎంత, మెష్ ఎన్ని పొరలు, క్యూరింగ్ ఎన్ని రోజులు, ఏదీ ఉండదు. పని తక్కువ ధర వేసినవాడికి పోతుంది. అతను ఇంకొకరికి ఇస్తాడు, ఆ ఇంకొకరు బొమ్మలు చేసేవాళ్లను బొమ్మకింత అని మాట్లాడి తెస్తాడు. పది రోజులు నీళ్లు కొట్టడానికి కూలి ఎవరిస్తారు? రెండేళ్లదాకా పగుళ్లు వస్తే బాగుచేయాలన్న షరతు రోడ్లకు ఉంటుంది గానీ జింకకు ఉండదు. బొమ్మ అడుగున కాంట్రాక్టరు పేరూ ఉండదు, చేసినవాళ్ల పేరూ ఉండదు. విరిగినప్పుడు మాత్రం అందరికీ కళాకారులే గుర్తొస్తారు.

ఆ చేతులు మనకు లేవా అంటే, తిరుపతిలోనే టీటీడీ వారి శిల్ప కళాశాల ఉంది. అందులో సుధా శిల్పం ఒక విభాగంగా నేర్పుతున్నారు. గోపురాల మీద ఎండావానల్లో నిలబడే సున్నపు బొమ్మల విద్య అది. పలమనేరు మట్టిబొమ్మలవాళ్లు ఎంతో దూరంలో లేరు. అయినా మనకు జిరాఫీ కావాలి! సన్నటి పొడవు మెడ, పైన బరువు తల, కంచె పక్కన గాలి. సిమెంటులో అంతకంటే కష్టమైన జంతువు ఇంకోటి లేదు. శేషాచలం కొండల్లో బంగారు బల్లి ఉంది, దేవాంగ పిల్లి ఉంది. బండ మీద అతుక్కున్న బల్లికి కాలు విరిగే బాధే లేదు, ఆలోచన మాత్రం ఎవరికీ రాదు.

అసలు సిమెంటులో ఇనుప వల దాచే పద్ధతికి 1867లో పేటెంట్ తీసుకున్న జోసెఫ్ మోనియే పారిస్‌లో తోటమాలి. కుండీలు పగులుతున్నాయని మొదలుపెట్టాడు. చండీగఢ్ రాక్ గార్డెన్‌ను పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, సిమెంటుతో కట్టిన నేక్‌చంద్ రోడ్ల ఇన్‌స్పెక్టరు. అంటే ప్రభుత్వోద్యోగి కూడా తలుచుకుంటే చేయగలడు. 1976లో జనం చూడటానికి తెరిచారు, నేటికీ చూస్తున్నారు.

తిరుమలలో స్వామివారికే 12 ఏళ్లకోసారి మహాసంప్రోక్షణ జరుపుతారు. మన జింకకు మాత్రం ఒకసారి రిబ్బన్ కత్తిరిస్తే కలకాలం ఉండాలి.

తుప్పు మీద రంగు వేస్తే ఆర్నెల్లకు మళ్లీ ఇదే వార్త మీకు పంపాల్సి వస్తుంది. మెత్తబడ్డ సిమెంటును ఊచ వెనక వేలు పట్టేంత వరకు కొట్టేయాలి. వైరు బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది, జింక్ ప్రైమర్ పూయాలి. ఎస్‌బీఆర్ లేటెక్స్ (పాత సిమెంటుకు కొత్తది పట్టుకునేలా కలిపే పాలలాంటి ద్రవం) కలిపిన మాలుతో నింపి, తడిగోనె చుట్టాలి. పార్కు చూసేవాళ్లకు ఒక మాట: రంగు డబ్బాలు ఇప్పటికే కొనేసి ఉంటే ఒక నెల గోడౌన్‌లో ఉంచండి, పాడవవు. ఈలోగా డ్రిల్లింగ్ మిషన్ ఉన్న మనిషినొకరిని పంపించి, ఆ జింక కడుపు కింద అరంగుళం రంధ్రం వేయించండి. కింద ఒక బకెట్ పెట్టుకోమనండి.

– ఒక పాఠకుడు, తిరుపతి