ఎవుడ్రా వదిలింది అని నవ్వుకున్నాం

ఎడిటర్ గారికి నమస్కారం. మార్చి నెల వస్తే చాలు మీ పేపర్ జిల్లా పేజీల్లో సేఫ్టీ వారోత్సవాల ఫొటోలు కనపడతాయి, 4వ తారీకు నుంచి 10 దాకా, ఒక బ్యానరు, నలుగురు ఆఫీసర్లు, చెయ్యి ముందుకి చాచి ప్రతిజ్ఞ. నేను ముప్పై ఏళ్ళకి దగ్గరగా వైజాగ్ చుట్టుపక్కల కెమికల్, ఫార్మా కంపెనీల్లో పనిచేసి షిఫ్ట్ ఇంచార్జిగా రిటైర్ అయ్యాను, అలాంటి ఫొటోల్లో వెనక వరసలో చాలాసార్లు నిలబడ్డాను కూడా. ఆ వారం స్లోగన్లు, స్కిట్లు అని పోటీలు పెడతారు కదా, స్కిట్‌లో ఒక యముడు ఉండి తీరాలి, అట్టముక్కతో కిరీటం, థర్మోకోల్ గద, హెల్మెట్ లేని హెల్పర్ వచ్చి ఆయన కాళ్ళ మీద పడతాడు, అందరూ పడీపడీ నవ్వుతారు, జీఎం గారు ప్రైజ్ ఇస్తారు. నాకు ఆ యముడితో పేచీ ఏం లేదండీ, కాకపోతే ప్రతిసారీ తప్పు చేసేది హెల్పరే ఎందుకవుతాడు అన్నది నా డౌటు. గ్యాస్ డిటెక్టర్ పాడై ఆర్నెల్లయినా బాగు చేయించని మేనేజర్ని యముడు పట్టుకుపోయిన స్కిట్ నేను సర్వీసు మొత్తంలో ఒక్కటి చూళ్ళేదు.

నవ్వు గురించే ఈ ఉత్తరం. సేఫ్టీని కాస్త సరదాగా చెప్పాలి, అప్పుడే జనాలకి ఎక్కుతుంది అని ఈ మధ్య అందరూ అంటున్నారు, నిజమే, కానీ నవ్వు వల్ల మనుషులు చచ్చేదాకా వచ్చిన రాత్రి నేను చూశాను, ఆ నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

కంపెనీ పేరు అనవసరం. నైట్ షిఫ్ట్, ఎఫ్లుయెంట్ పిట్ అంటే ప్లాంటు మురుగు నీళ్ళు చేరే గుంట దగ్గర ఐదారుగురం ఉన్నాం. కుళ్ళిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. "ఎవుడ్రా వదిలింది" అన్నాడు ఒకడు, "ఇయాల క్యాంటీన్లో ముల్లంగి సాంబారు కదేటి" అన్నాడు ఇంకోడు, ఒకడి మీద ఒకడు తోసుకుంటూ పగలబడి నవ్వుకున్నాం. కొత్తగా చేరిన ట్రైనీ కుర్రాడు "సార్, ఇది గ్యాసేమో" అన్నాడు. "గ్యాసే తమ్ముడూ, కడుపులోది" అన్నాను, అన్నది నేనే. ఇంకా నవ్వారు. వాడి మొహం చిన్నబోయి అవతల గాలి వచ్చే వైపుకి పోయి నిలబడ్డాడు. కాసేపటికి వాసన పోయింది, పోయింది కదా అని పనిలో పడ్డాం.

గ్యాస్ అక్కడే ఉంది, మా ముక్కులే చచ్చిపోయాయి. హైడ్రోజన్ సల్ఫైడ్‌తో వచ్చే తంటా అదే. పది లక్షల పాళ్ళ గాలిలో ఒక పాలు ఉన్నా ముక్కు పట్టేస్తుంది, అదే 100 పాళ్ళ దాకా పెరిగితే కొన్ని నిమిషాల్లో వాసన తెలియడమే ఆగిపోతుంది, 500 దాటితే మనిషి కూలిపోతాడు, 1000 దగ్గర ఒకట్రెండు సార్లు ఊపిరి పీలిస్తే చాలు. పైగా గాలికన్నా బరువు, గుంటల్లో, పిట్లలో అడుక్కి దిగి కూర్చుంటుంది. పడిపోయినవాణ్ణి లేపుదామని దిగినవాడు వాడి పక్కనే పడతాడు, మీ పేపర్లో కూడా మ్యాన్‌హోల్ వార్తల్లో ఒకరి వెనక ఒకరు అని చదువుతూనే ఉంటాం. ఆ రాత్రి పంపు చూడ్డానికి పిట్లోకి దిగుతున్న మా మనిషి మూడో మెట్టు దగ్గరే కళ్ళు తిరిగి నిచ్చెన పట్టుకుని వేలాడిపోయాడు. పైనుంచి చెయ్యి అందుకుని లాగింది ఎవరనుకున్నారు, ఆ ట్రైనీ కుర్రాడే. గాలి సిలిండర్ ఉన్న మాస్కు లేకుండా అలా చెయ్యకూడదు, అదృష్టం బాగుండి ఇద్దరూ బతికారు. తృటిలో తప్పిన ప్రమాదాలు రాసే నియర్ మిస్ రిజిస్టర్లో మాత్రం "వర్కర్ నీరసంగా ఉండుటవలన కళ్ళు తిరిగినవి" అని రాశాం. అలా రాయమన్నారు, రాశాం, సంతకం నాది.

ఇంకో రకం నవ్వు ఉంది, ఇది రోజూ జరిగేది. ఎవడైనా గాగుల్స్, హార్నెస్ అన్నీ సరిగ్గా వేసుకొస్తే "ఏరా పెళ్ళికొడుకూ, ముహూర్తం ఎన్నింటికి" అంటారు, ఏడాదిగా పనిచేస్తున్న కాంట్రాక్ట్ కుర్రాడు ఆ మాట రెండుసార్లు పడితే మూడోరోజు గాగుల్స్ జేబులో పెట్టుకుంటాడు. భోపాల్ అయ్యాక 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41-హెచ్ అని ఒక సెక్షన్ చేర్చారు, ప్రాణానికి ముప్పు కనపడితే పైవాళ్ళకి చెప్పడం కార్మికుడి హక్కు అని అందులో రాశారు. చట్టం హక్కు ఇచ్చింది గానీ నలుగురిలో నవ్వులపాలవుతాననే భయానికి ఏ సెక్షన్ ఉందండీ? కంప్రెసర్ గాలి పైపుతో తోటివాడి వెనకాల గాలి కొట్టి "సరదాకి చేశాం" అన్న కేసులు కూడా మన దేశంలో ఒకటికి నాలుగుసార్లు వార్తల్లో వచ్చాయి, పేగులు చిట్లి మనుషులు పోయారు. దాన్ని నేను జోకుల లెక్కలోనే వెయ్యను.

ఇంత తిట్టాను కదా, పనికొచ్చిన నవ్వు గురించి కూడా చెప్పాలి. మా ప్లాంటులో ఒక పాత ఆపరేటర్ ఉండేవాడు, వాళ్ళ మేనమామ బుర్రకథ దళంలో హాస్యపు వంత. కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు తెలుసు కదా, ఒకడు రాజకీయం, ఒకడు హాస్యం, ఆ హాస్యం చెప్పేవాడు తిక్క ప్రశ్నలు వేస్తుంటే జనం నవ్వుకుంటూనే కథ మొత్తం పట్టేస్తారు. మావాడు పొద్దున్న పని మొదలయ్యే ముందు జాగ్రత్తలు చెప్పుకునే టూల్ బాక్స్ టాక్‌లో అదే పని చేసేవాడు. ఒకరోజు నేను రియాక్టర్ మ్యాన్ ఎంట్రీ, అంటే రసాయనాలు కలిపే ట్యాంకు లోపలికి మనిషి దిగడం గురించి చెప్తుంటే సగం మంది నిద్రమొహాలు, ఇతను లేచి "గురువుగారూ, గాల్లో వందకి 78 పాళ్ళు నైట్రోజనే కదేటి, పుట్టినకాడి నుంచి పీలుస్తున్నాం, రియాక్టర్లో దూరితే దానికేటి కొమ్ములొస్తాయా" అన్నాడు. అందరూ లేచారు. కొమ్ములు రావయ్యా, అదే వచ్చిన బాధ, ఉంటే కనపడేవి, రంగు లేదు వాసన లేదు, నైట్రోజన్ నింపితే ఆక్సిజన్ బయటకి పోతుంది, 21 పాళ్ళు ఉండాల్సింది 19.5 కన్నా తగ్గితే లోపల కాలు పెట్టకూడదు, ఇంకా బాగా తగ్గితే కేక వేసే టైము కూడా ఉండదు అని చెప్పాను. "అయితే కొమ్ముల్లేని దెయ్యమన్నమాట" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి మా ప్లాంటులో నైట్రోజన్ పేరు కొమ్ముల్లేని దెయ్యం.

దాని వల్ల జరిగింది చూడండి. అంతకుముందు లోపలికి దిగే పర్మిట్ మీద సంతకం అయ్యాక ఇంజినీర్ని "సార్, ఆక్సిజన్ చూశారా" అని అడిగే ధైర్యం ఏ హెల్పర్‌కీ లేదు, అడిగితే నువ్వు నాకు చెప్తావా అంటారు. ఇప్పుడు "సార్, దెయ్యం ఉందా లోపల, మీటర్ పెట్టారా" అని నవ్వుతూ అడుగుతున్నారు, ఆయనా నవ్వి మీటర్ తెప్పించి మళ్ళీ చెక్ చేస్తున్నాడు. కిందివాడు పైవాణ్ణి అడగడానికి ఆ జోకు ఒక సందు ఇచ్చింది. నేను చూసినంతలో పనికొచ్చే నవ్వు అటువైపుగా పోయేదే, పైనుంచి కిందివాడి మీద పడే నవ్వు వాడి నోరు మూయిస్తుంది.

ఒక చిక్కు కూడా ఉంది. ఇప్పుడు ప్లాంట్లలో చాలామంది ఒడిశా, బీహార్ కుర్రాళ్ళే, ముల్లంగి సాంబారు జోకు వాళ్ళకేం అర్థమవుతుంది, గోడ మీద తెలుగు స్లోగనూ అంతే. యూరప్‌లో నాపో అని ఒక కార్టూన్ కార్మికుణ్ణి పెట్టి సేఫ్టీ వీడియోలు తీస్తున్నారు, అందులో మాటలే ఉండవు, ఏ భాషవాడైనా చూసి నవ్వుకుంటాడు. అలాంటిది మన దగ్గర రియాక్టర్లు, సాల్వెంట్ డ్రమ్ములతో ఎవరైనా తీస్తే బాగుండు.

అచ్యుతాపురం సెజ్‌లో 2024 ఆగస్టు 21న 17 మంది, పాశమైలారంలో 2025 జూన్ 30న 40 మందికి పైగా ఫార్మా కంపెనీల్లో జరిగిన పేలుళ్ళలో పోయారు. వాళ్ళు జోకులు వినకపోవడం వల్ల పోలేదని నాకూ తెలుసు. లీకయ్యే పైపుకి వెల్డింగు చెయ్యాలి, దానికి స్కిట్ వేస్తే లాభం లేదు.

మీకు ఒక్క విన్నపం అండీ. వచ్చే మార్చిలో ప్రతిజ్ఞ ఫొటో పంపిన ప్రతి కంపెనీని ఆ ఏడాది నియర్ మిస్ రిజిస్టర్లో ఒక్క పేజీ అడగండి, ఫొటో పక్కనే వెయ్యండి, ఇవ్వకపోతే ఇవ్వలేదని వెయ్యండి. మా పాత రిజిస్టర్ ఇంకా ఉంటే అందులో ఆ రాత్రి ఇప్పటికీ నీరసం అనే ఉంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ షిఫ్ట్ ఇంచార్జి,
గాజువాక