వీసా పాఠాలతో పాటు అద్దె ఇంటి పాఠమూ చెప్పాలి

సంపాదకులకు,

అయ్యా,

జర్మనీలో నర్సులకు, ఇంజినీర్లకు, చేతి పని నేర్చిన యువతకు అవకాశాలు పెరుగుతున్నాయని మీ పత్రికలో తరచుగా వార్తలు వస్తున్నాయి. జీతం ఎంత వస్తుందో, భాష ఏ స్థాయి వరకు రావాలో, వీసాకు ఏయే కాగితాలు కావాలో వాటిలో వివరంగానే ఉంటోంది. భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024 అక్టోబరులో ఆ దేశం ప్రకటించిన తరువాత మన దగ్గర జర్మన్ భాషా తరగతులకు గిరాకీ ఇంకా పెరిగింది. అయితే విమానం దిగిన మర్నాటి నుంచి మనిషికి నిద్ర పట్టనివ్వని విషయం గురించి ఈ వార్తల్లో గానీ, ఆ తరగతుల్లో గానీ ఒక్క మాట కనిపించదు. అది అద్దె ఇల్లు. రెండేళ్ల ప్రాజెక్టు మీద స్టుట్‌గార్ట్ వచ్చి, తొమ్మిది నెలల్లో మూడు చోట్లకు సామాను మోసిన అనుభవంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది జగిత్యాల ప్రాంతం. మా ఊళ్లో పరదేశం అంటే దుబాయి, మస్కట్, సౌదీ. మా చిన్నబాపు పద్దెనిమిదేళ్లు దుబాయిలో పని చేశారు. ఆయన ఉన్న క్యాంపు గదిలో ఎనిమిది మంది, మంచం మీద మంచం. అందులో సుఖం ఏమీ లేదు గానీ, గది వెతుక్కోవలసిన అవసరం మాత్రం ఆయనకు ఏనాడూ రాలేదు. కంపెనీ వ్యాను విమానాశ్రయం నుంచి నేరుగా ఆ మంచం దగ్గరకే తీసుకెళ్లింది. నేటికీ మా దగ్గర ఎవరికైనా వీసా వచ్చిందంటే "రూము కంపెనీదేనా?" అన్నదే మొదటి ప్రశ్న. జర్మనీ విషయంలో ఆ ప్రశ్నకు జవాబు చాలా సందర్భాల్లో "కాదు" లేదా "మొదటి నెల మాత్రమే". పరదేశపు కొలువు అంటే నీడ కూడా దానితోనే వస్తుందని రెండు తరాలుగా అలవాటు పడిన మన కుటుంబాలు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవడం లేదు.

జర్మనీలో ఇల్లంటే పడుకునే చోటు ఒక్కటే కాదు, మిగతా కాగితాలన్నిటికీ అదే మొదటి మెట్టు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా ఆ ఊరి పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలని చట్టం ఉంది. దానినే అక్కడ ఆన్‌మెల్డుంగ్ అంటారు. అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోదు, ఫలానా వ్యక్తి ఫలానా తేదీన నా ఇంట్లో చేరాడని ఇల్లు ఇచ్చినవారు సంతకం చేసిన ధ్రువపత్రం వేరుగా కావాలి. ఆ నమోదు జరిగితేనే పదకొండు అంకెల పన్ను గుర్తింపు సంఖ్య పోస్టులో వస్తుంది. అది అందడం ఆలస్యమైతే జీతంలో అత్యధిక స్థాయి పన్ను కోత పడవచ్చు. చాలా బ్యాంకులు ఖాతా తెరవడానికి, విదేశీయుల కార్యాలయం నివాస అనుమతి కార్డు ఇవ్వడానికి ఆ నమోదు పత్రాన్నే అడుగుతాయి. మరోవైపు ఇల్లు ఇచ్చేవారు మూడు నెలల జీతం చీటీలు, షూఫా అనే రుణ చరిత్ర నివేదిక, పాత ఇంటి యజమాని నుంచి బాకీ లేదన్న కాగితం అడుగుతారు. నిన్ననే దిగినవాడి దగ్గర ఇవి ఎక్కడి నుంచి వస్తాయి? పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్లు ఉంటుంది వ్యవహారం.

నాకు కంపెనీ నాలుగు వారాల బస ఇచ్చింది. ఆ నాలుగు వారాల్లో అరవైకి పైగా ఇళ్లకు రాస్తే ఐదు చోట్ల నుంచి జవాబు వచ్చింది, రెండు చోట్ల లోపలికి వెళ్లి చూడగలిగాను. అప్పుడు దిక్కుతోచక, ఆరు నెలలు వేరే దేశానికి వెళుతున్న ఒక విద్యార్థి గదిని అతను తిరిగి వచ్చే వరకు తీసుకున్నాను. ఇలా మధ్యకాలానికి ఇచ్చే ఇళ్లు అక్కడ మామూలే, తాత్కాలికంగా వెళ్లినవారికి అవే పెద్ద ఆసరా. అయితే వాటిలో చాలా ప్రకటనల చివర "నమోదు కుదరదు" అని ఒక చిన్న వాక్యం ఉంటుంది. ఆ వాక్యం విలువ తెలియక నేను ముందు ఒప్పుకున్నాను. పదిహేను రోజుల గడువు దగ్గర పడ్డాక గానీ నాకు అర్థం కాలేదు. అసలు యజమానికి తెలియకుండా గదిని అద్దెకు ఇస్తున్నందువల్లే ఆ కుర్రవాడు ధ్రువపత్రం ఇవ్వడానికి వెనుకాడుతున్నాడు. చివరకు ఆఫీసులోని ఒక జర్మన్ సహోద్యోగి ఫోనులో మాట్లాడి, యజమాని అనుమతి తెప్పించి పని జరిపించారు. ఆయన లేకపోతే నేను ఆ గదిలో ఉండి కూడా కాగితాల లెక్కలో ఎక్కడా లేనివాడిగానే మిగిలేవాడిని.

మాతో పనిచేసే ఒక గుంటూరు అబ్బాయి ఇంకా పెద్ద దెబ్బ తిన్నాడు. తాను వేరే దేశంలో ఉన్నానని, అడ్వాన్సు పంపితే తాళాలు కొరియర్‌లో వస్తాయని, నచ్చకపోతే డబ్బు తిరిగి ఇస్తానని ఒక "యజమాని" రాసిన మెయిలు నమ్మి, హైదరాబాదులో ఉండగానే రెండు నెలల అద్దె పంపాడు. తాళాలు రాలేదు. ఆ చిరునామాకు వెళితే తలుపు తీసిన ముసలాయన అక్కడే ఇరవై ఏళ్లుగా ఉంటున్నాడు. ఈ మోసం అక్కడ అందరికీ తెలిసినదే. ఇల్లు కళ్లతో చూడకుండా, ఒప్పందం చేతికి రాకుండా పైసా పంపవద్దని పోలీసులు, అద్దెదారుల సంఘాలు చెబుతూనే ఉంటాయి. కానీ చెబుతున్నది జర్మన్‌లో. మోసపోతున్నది ఇంకా విమానం ఎక్కని మనవాడు.

మనకు మేలు చేసే చట్టాలు కూడా ఉన్నాయి, అవి ఎవరూ చెప్పకపోవడమే ఇబ్బంది. అడ్వాన్సు కింద మూడు నెలల మూల అద్దెకు మించి అడగకూడదు. మూల అద్దె అంటే ఇంటిని వెచ్చగా ఉంచడం, నీళ్లు, చెత్త వంటి ఖర్చులు కలపని అద్దె. ఆ అడ్వాన్సును మూడు సమాన వాయిదాల్లో కట్టే హక్కు అద్దెదారుకు ఉంది. మూల అద్దె 900 యూరోలైతే 2,700 యూరోలు ఒకేసారి పోయనక్కరలేదు, మొదట 900 కట్టి ఇంట్లో చేరవచ్చు. ఊరి నుంచి అప్పు చేసి వచ్చిన కుటుంబానికి ఇది ఎంత ఊరటో చెప్పనక్కరలేదు. నేను మొత్తం ఒకేసారి కట్టేశాను, ఈ సంగతి నాకు ఆరు నెలల తరువాత తెలిసింది.

పోస్టు డబ్బా సంగతి వింటే మీ పాఠకులు నవ్వవచ్చు గానీ, నాకు దానివల్ల నెల రోజులు నష్టం జరిగింది. అక్కడి అపార్టుమెంట్లలో మనకు ఉన్నట్లు ఇంటి నంబర్లు సాధారణంగా ఉండవు. తలుపు గంట మీద, పోస్టు డబ్బా మీద ఉన్న పేరే చిరునామా. డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరం తిరిగి వెళ్లిపోతుంది. ఆ విద్యార్థి గదిలో ఉన్నప్పుడు డబ్బా మీద అతని పేరే ఉండడంతో నా పన్ను సంఖ్య వచ్చిన దారినే పోయింది. తరువాత నా భార్య, కూతురు వచ్చినప్పుడు మరో చిక్కు ఎదురైంది. నా పాస్‌పోర్టులో మా ఇంటిపేరు ఉంది, నా భార్య పాస్‌పోర్టులో ఆమె పుట్టింటి ఇంటిపేరు ఉంది, పాప పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరంతా ఒకే వరుసలో ఉంది. వేలెడంత డబ్బా చీటీ మీద ఈ మూడూ పట్టేలా రాయడానికి నాలుగు సార్లు ప్రయత్నించాను. పాపకు రావలసిన ఆరోగ్య బీమా కార్డు రెండుసార్లు తిరిగి వెళ్లాకే ఆ చీటీ కుదిరింది. పాస్‌పోర్టు తీసుకునేటప్పుడే ఇంటిపేరు గడి నింపించుకోవాలని మీ పత్రిక ఒక్కసారి రాసినా ఎన్నో కుటుంబాలకు ఈ తిప్పలు తప్పుతాయి.

మూడవది ఇప్పుడు మేముంటున్న ఇల్లు. తాళం తీసి లోపలికి వెళితే వంటింట్లో గోడలోంచి రెండు నీటి గొట్టాలు, ఒక కరెంటు తీగ బయటకు వచ్చి ఉన్నాయి. సింకు లేదు, పొయ్యి లేదు, గట్టు లేదు. గదుల్లో దీపాలు కూడా పాత అద్దెదారు విప్పి తీసుకెళ్లారు. అక్కడ చాలా ఇళ్లు ఇలాగే ఇస్తారని, వంటగది ఎవరిది వారే బిగించుకుని వెళ్లేటప్పుడు విప్పుకుపోతారని నాకు ఆ రోజే తెలిసింది. రెండేళ్లకు వచ్చినవాడు వంటగది కొనడమా, ఎక్కువ అద్దె పెట్టి సామానుతో ఉన్న ఇల్లు చూసుకోవడమా అన్నది ముందుగానే లెక్క వేసుకోవలసిన విషయం. మేము ఒక వెళ్లిపోతున్న కుటుంబం దగ్గర పాత వంటగది కొన్నాము.

స్టుట్‌గార్ట్ ప్రాంతంలో కేర్‌వోఖె అనే శతాబ్దాల నాటి ఆచారం ఒకటి ఉంది. మాటకు అర్థం "ఊడ్చే వారం". ఆ వారం ఎవరి వంతో వారి తలుపుకు ఒక చిన్న పలక వేలాడుతుంది. మెట్లు ఊడ్చి తుడవడం, ఇంటి ముందు కాలిబాట శుభ్రం చేయడం, కొన్నిచోట్ల చలికాలంలో మంచు తోయడం వారి బాధ్యత. మొదటిసారి మా తలుపుకు ఆ పలక చూసి, ఎవరో పొరపాటున తగిలించారనుకుని పక్కింటి తలుపుకు మార్చాను. సాయంత్రానికి పలక మళ్లీ మా తలుపు మీదకే వచ్చింది, దాని కింద చీపురు కూడా ఆనించి ఉంది. పై అంతస్తు పెద్దావిడ మాటలతో పని లేకుండా పాఠం చెప్పారు. విషయం తెలిశాక నా భార్య మాత్రం "వాకిలి ఊడవడమే గదా, ఇందులో కొత్తేముంది" అని బకెట్టు అందుకుంది. మర్నాడు ఆ పెద్దావిడే మా పాపకు చాక్లెట్లు తెచ్చి ఇచ్చారు. ఇప్పటికీ ఆవిడకు, మాకు కలిపి పది మాటలకు మించి ఉమ్మడి భాష లేదు గానీ, పండుగ నాడు మా ఇంటి పులిహోర ఆవిడ ఇంటికి వెళుతోంది.

పొరుగు తగాదాలకు తొంభై పాళ్లు ఇలాంటి తెలియనితనమే కారణమని నా అభిప్రాయం. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు, ఆదివారం పొద్దంతా చప్పుడు చేయకూడదని తెలియక ఆదివారం ఉదయం ఇడ్లీ పిండి గ్రైండరు వేసి మాట పడినవారు నాకు తెలుసు. చలికాలంలో కిటికీలు బిడాయించి రోజూ పులుసులు కాగబెట్టి, బట్టలు లోపలే ఆరేసి, గోడలకు నల్లటి బూజు పట్టించి, వెళ్లేటప్పుడు అడ్వాన్సులో సగం పోగొట్టుకున్నవారూ తెలుసు. రోజుకు రెండు మూడు సార్లు కిటికీలు బార్లా తెరిచి ఐదు పది నిమిషాలు గాలి ఆడనివ్వాలని అద్దె ఒప్పందంలోనే రాసి ఉంటుంది, చదివితే. ఇద్దరమని చెప్పి ఐదుగురిని చేర్చడం, అప్పగింత పత్రం రాయకుండా చెప్పాపెట్టకుండా విమానం ఎక్కడం వంటివి మనవాళ్లు చేయడం లేదని కూడా నేను అనలేను. ఆ ఇంటికి తరువాత వెళ్లే తెలుగువాడికి తలుపు తెరుచుకోదు. పేరు వినగానే ఫోను పెట్టేసే యజమానులూ ఉన్నారు. ఇళ్ల విషయంలో జాతి వివక్షను 2006 నాటి సమానత్వ చట్టం నిషేధించింది గానీ, రుజువు చేయడం కష్టం.

నా విన్నపం ఒక్కటే. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ వంటి, విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ప్రభుత్వ సంస్థలు, అలాగే వీధికొకటిగా వెలుస్తున్న జర్మన్ భాషా కేంద్రాలు, అభ్యర్థి చేత నెలల తరబడి క్రియారూపాలు వల్లె వేయిస్తున్నప్పుడు అందులో ఒక రెండు రోజులు నిజమైన అద్దె ఒప్పందం ఒకటి చేతికి ఇచ్చి చదివించాలి. ఇల్లు అడుగుతూ రాసే ఉత్తరం, యజమానికి ఇచ్చే స్వీయ వివరాల పత్రం, ఇల్లు తీసుకునేటప్పుడు గోడ మీద గీత, నేల మీద మరక కూడా వదలకుండా రాసుకునే అప్పగింత పత్రం, ఈ మూడూ అభ్యాసంగా నింపించాలి. భాష కూడా దానితోనే వస్తుంది. కేంద్ర విదేశాంగ శాఖ ఇచ్చే ప్రయాణపూర్వ శిక్షణ ప్రధానంగా గల్ఫ్ వంటి దేశాలకు వెళ్లే కార్మికుల కోసం రూపొందినది. ఐరోపాకు వెళ్లేవారు చదువుకున్నవారే కదా అన్న ధీమా సరికాదు, చదువుకున్న గుంటూరు అబ్బాయే తాళాల కోసం ఎదురు చూశాడు. మనుషులను పంపే కంపెనీలు కూడా ఒక నెల బసతో చేతులు దులుపుకోకుండా, మూడు జీతం చీటీలు చేతికి వచ్చే వరకైనా, అంటే కనీసం మూడు నెలలు, నమోదుకు వీలున్న బస చూపించాలి.

మీ పత్రిక ఉద్యోగాల పేజీలో దీనికి కొంత చోటు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. నేను నింపిన పత్రాల నకళ్లు, వాటికి తెలుగులో రాసుకున్న వివరణలు నా దగ్గర ఉన్నాయి. పేర్లు, సంతకాలు తీసేసి మీకు పంపడానికి సిద్ధంగా ఉన్నాను. ఏ శిక్షణ కేంద్రమైనా వాటిని అచ్చు వేసుకోవచ్చు. వచ్చే మార్చి నెలాఖరుకు మా గడువు ముగుస్తుంది గనుక, ఇల్లు ఖాళీ చేస్తామని మూడు నెలల ముందే రాతపూర్వకంగా ఇవ్వవలసిన నోటీసు కూడా మొన్ననే పోస్టు చేశాను. దాని నకలును కూడా వీటితో కలిపి పంపుతాను.

భవదీయుడు,
జగిత్యాల ప్రాంతానికి చెందిన ఒక పాఠకుడు,
స్టుట్‌గార్ట్, జర్మనీ