ఏటిగట్టు నడకకు వచ్చేవాళ్ళందరికీ: ఆకు ప్లేట్ల సంగతి

మన సిద్ధవటం నడకకు వచ్చేవాళ్ళలో చాలామంది మూడేళ్ళుగా వస్తున్నవాళ్ళే. మీకు ఈ సంగతి వేరేవాళ్ళ నోటి నుంచి తెలియకూడదని నేనే రాస్తున్నాను. సంక్రాంతి తర్వాత నాలుగు ఆదివారాలు మీకు ఉగ్గాణి (బొరుగులతో చేసే టిఫిన్) పెట్టిన ఆకు ప్లేట్లలో ప్లాస్టిక్ ఉంది. నాకు తెలియకుండా జరిగింది, కానీ పెట్టింది నా చేత్తోనే.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆదివారం తెల్లవారుజామున కడప ఏడురోడ్ల నుంచి వ్యాన్ బయలుదేరుతుంది. సిద్ధవటం కోట గోడ కనిపించే చోట దిగి, పెన్న ఒడ్డున చెట్ల నీడలో మూడు కిలోమీటర్లు నడుస్తాం. ఎక్కడా ఎక్కేది దిగేది లేదు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కూడా మాట్లాడుకుంటూ నడిచేస్తారు. చివర్లో పెద్ద ఏరుమద్ది చెట్టు కింద కూర్చుని ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తినడం, వెనక్కి రావడం. అంతే.

ఈ నడకలో నేను మొదటి నుంచి గట్టిగా పట్టుకున్నవి రెండు. ఒకటి, గట్టు దాటి లంకమల వైపు అడవిలోకి ఎవరినీ తీసుకెళ్ళను. అది అభయారణ్యం, అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. "కలివికోడి చూపించక్కా, ఇంకొంచెం లోపలికి పోదాం" అని ఎందరు అడిగినా కాదనే అన్నాను. 1848లో జెర్డాన్ అనే తెల్లదొర లోకానికి చెప్పిన పక్షి అది. ఇక అంతరించిపోయిందనుకున్నాక 1986 జనవరిలో మన లంకమలలోనే మళ్ళీ కనబడింది. రాత్రిపూట తిరిగే పక్షిని పగలు ముప్పై మంది పొదల్లో దూరి వెతకడం నాకు నచ్చదు. రెండోది, ఏటి పక్కకు ప్లాస్టిక్ రాదు. వ్యాన్ మీద ఆ మాట పెయింట్ చేయించింది నేనే. అందుకే ఈ దెబ్బ నాకు ఇంత గట్టిగా తగిలింది.

మొదట్లో చేత్తో కుట్టిన మోదుగాకు విస్తర్లు తెప్పించేదాన్ని. కుట్టేవాళ్ళు తగ్గిపోయారని చెప్పి, మా ప్లేట్ల వ్యాపారి మిషన్ మీద ఒత్తినవి ఇచ్చాడు. పైన ఆకు, అడుగున అట్ట. "మధ్యలో ఏముంది?" అని అడిగాను. "ఏమీ లేదక్కా, ఆకూ అట్టే" అన్నాడు. నమ్మాను. ఆయన పేరు ఇక్కడ రాయను.

తిన్నాక ఆ ప్లేట్లన్నీ గట్టు పక్క చేలో ఒక అవ్వ పెంటదిబ్బలో వేస్తాం. ఎరువవుతాయని ఆమె సంతోషంగా ఒప్పుకుంది. ఈ నెల మొదట్లో ఆమే నన్ను పిలిచింది. "ఏం పాపా, నీ ఇస్తరాకులు కుళ్ళినాయి గానీ వాటి తోలు కుళ్ళలేదే" అంది. వెళ్ళి చూశాను. ఆకు పోయింది, అట్ట నాని పిండిలా అయింది. మధ్యలో ఉల్లిపొర కంటే పల్చని కవరు ఒకటి, ప్లేటు ఆకారంలోనే, అంచుల మడతలతో సహా మిగిలింది. వెలుతురుకు పట్టి చూస్తే మనం పెట్టిన ఉగ్గాణి పసుపు మరక అలాగే ఉంది. పక్కనే అవ్వ బర్రె కట్టేసి ఉంది. నూనె వాసనకు అది ఆ దిబ్బ దగ్గరికి పోతోందని తాడు కురచ చేసిందట. ఆ మాట విన్నాక ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

వ్యాపారికి ఫోన్ చేస్తే, "2022 జులై నుంచి నిషేధం ప్లాస్టిక్ ప్లేట్ల మీద కదక్కా, ఇది ఆకు ప్లేటు. అందరూ ఇవే వాడుతున్నారు, ఎవరు చూస్తారు?" అన్నాడు. అవ్వ చూసింది, నేను చూశాను. ఆయన దగ్గర ఇక ఒక్క గ్లాసు కూడా కొనను. రేటు తగ్గిస్తానని రెండుసార్లు ఇంటికొచ్చాడు, అప్పుడూ అదే చెప్పాను.

ఇక ఏం చేయాలన్నదే నన్ను వారం రోజులు తిన్నది. ఇంట్లోవాళ్ళు ఏటి దగ్గర టిఫిన్ మానేయమన్నారు, దారిలో ఏదైనా హోటల్ ముందు వ్యాన్ ఆపితే సరిపోతుందన్నారు. లెక్క ప్రకారం అదే మేలు, నాకు ఖర్చూ తగ్గుతుంది. కానీ తెల్లటి బెరడు పొరలుగా ఊడే ఆ ఏరుమద్ది కింద, పొగలు కక్కే ఉగ్గాణి మీద పుట్నాల పొడి చల్లుకుని తింటుంటే మీ మొహాలు ఎలా ఉంటాయో నేను చూశాను. మనవరాలికి బజ్జీలో కారం తీసి పెట్టే తాతను చూశాను. ఒకడు మోసం చేశాడని అది నేను ఆపను.

స్టీల్ ప్లేట్లు తేవాలంటే కడగడం ఎక్కడ? ఏట్లో సబ్బు నురగ కలపలేను కదా. రెండు రాత్రులు ఆలోచించి, నలభై స్టీల్ ప్లేట్లు కొన్నాను. తిన్నాక ఎంగిలి బకెట్లో వేయండి, అది అవ్వ బర్రెకు. ప్లేట్లు అలాగే గోనెసంచిలో కట్టి కడపకు తెచ్చి మా ఇంట్లో కడుగుతాం. వ్యాన్‌లో వాసన వస్తుందని డ్రైవర్ గొణిగాడు, మూత ఉన్న డబ్బా కొని పెట్టాను. టికెట్ 250 రూపాయలే, పెంచను. అలాగని తగ్గించను కూడా, బియ్యం, బొరుగులు, డీజిల్ ధరలు మీకు తెలియనివి కావు.

ఆ నాలుగు ఆదివారాల్లో వచ్చినవాళ్ళు అడిగితే సగం డబ్బు వెనక్కి ఇస్తాను, లేదా ఒక నడకకు ఉచితంగా రండి. మొహమాటపడకండి. ప్లాస్టిక్ లేదని నమ్మి వచ్చారు, నేను ఆ మాట నిలబెట్టుకోలేదు.

మా తమ్ముడి కొడుకూ నేనూ మూడు రోజులు పెంటదిబ్బ తవ్వి ఆ కవర్లు ఏరాం. నూట పద్దెనిమిది ప్లేట్లు వాడాను. నూట ఒకటి దొరికాయి. మిగతావి గాలికి ఏట్లో పడ్డాయో, ఇసుకలో కప్పబడిపోయాయో. నీళ్ళలో పడినవైతే కింద సోమశిల జలాశయం దాకా పోతాయి. బర్రె తినలేదని అవ్వ అంటోంది, అదే నిజం కావాలని కోరుకుంటున్నాను.

వచ్చే ఆదివారం మామూలు టైమే, ఐదున్నరకు ఏడురోడ్లు. నడిచేటప్పుడు గడ్డిలోనో, రేగుకంపలోనో గుండ్రంగా, పసుపు మరకతో పల్చటి కవరు కనిపిస్తే దాటి పోకండి, తీసి నా చేతికివ్వండి. ఇంకా పదిహేడు ఉన్నాయి.