అడిగారు సరే, జవాబు చెప్పారా? రోగుల భాగస్వామ్యంపై సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు కార్యవర్గం నమస్కారాలు.

ఆరోగ్య సేవల్లో మార్పులు తలపెట్టినప్పుడు, ఆ సేవలు వాడుకునేవాళ్ల మాట చెల్లుబాటయ్యేలా చూడటమే ఈ ఏడాది మన సంఘం ప్రధానంగా చేసిన పని. ఆ మార్పుల ముసాయిదాలు చదివాక, వాటిని చర్చించే కమిటీల పనితీరు గమనించాక మాకు గట్టిగా అనిపించింది ఒకటుంది. జనాన్ని అడగడం ఇప్పుడు చాలాచోట్ల జరుగుతూనే ఉంది. కాకపోతే అంతా ఖాయమయ్యాక అడుగుతున్నారు, అడిగాక ఏం చేశారో చెప్పడం లేదు. మా పనంతా ఈ రెండు లోపాల చుట్టూనే తిరిగింది.

పాల్గొనడం ఎవరో దయతలచి ఇచ్చేది కాదని సభ్యులకు గుర్తుచేస్తున్నాం. తమ ఆరోగ్య సేవల ప్రణాళికలోనూ అమలులోనూ పాల్గొనడం ప్రజల హక్కు, బాధ్యత అని ప్రాథమిక ఆరోగ్య సేవలపై 1978లో జరిగిన అంతర్జాతీయ సదస్సు చేసిన ఆల్మా ఆటా ప్రకటన చెప్పింది. బ్రెజిల్‌లో 1990 నాటి చట్టం ప్రకారం ఆరోగ్య మండళ్లలో సగం సీట్లు సేవలు వాడుకునేవాళ్లవే. థాయిలాండ్ 2007లో చట్టం చేసి, 2008 నుంచి జాతీయ ఆరోగ్య సభ నడుపుతోంది. 2024 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ (ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల సమావేశం) కూడా ప్రజల భాగస్వామ్యంపై తీర్మానం చేసింది. తీర్మానాలకు కొదవలేదు. కమిటీ గదిలో ఎన్ని కుర్చీలు, కాగితాలు ఎప్పుడు అందుతాయి, చర్చల నమోదు (మినిట్స్) ఎవరు రాస్తారు అన్న దగ్గరే అసలు సంగతి తేలుతుంది.

ఏ కమిటీ ఏ స్థాయిలో ఉందో చూడటానికి అమెరికాకు చెందిన షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రతిపాదించిన, ప్రజల భాగస్వామ్యం ఏ స్థాయిలో ఉందో చూపే ఎనిమిది మెట్ల ‘నిచ్చెన’ను వాడుకున్నాం. కింది రెండు మెట్లలో భాగస్వామ్యమే లేదు. మధ్య మూడూ సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, బుజ్జగించడం. నిర్ణయంలో వాటా పై మూడు మెట్లలోనే దొరుకుతుంది. ఆహ్వానం చేతికి రాగానే ప్రతినిధి ముందుగా అడగాల్సిన ప్రశ్న కూడా ఇక్కడి నుంచే వచ్చింది: ‘ఈ విషయంలో ఇంకా మారడానికి వీలున్నది ఏమిటి?’ దానికి సూటిగా జవాబు రాకపోతే పిలుపు మొక్కుబడిదే.

కమిటీలకు పంపే సభ్యుల కోసం ఒక పద్ధతి రాసిపెట్టాం. డాక్టర్లు, అధికారుల మధ్య ఒక్క రోగి ప్రతినిధి కూర్చుంటే నోరు పెగలదు. అందుకని కనీసం ఇద్దరిని పంపాలి. కాగితాలు 7 పనిదినాల ముందు అందాలి, పొడి అక్షరాల సంక్షిప్త పదాలన్నింటికీ అర్థాలు జతచేయాలి. రోగుల అంశాన్ని ఎజెండాలో చివర పెడితే సమయం చాలక వాయిదా పడుతుంది, కాబట్టి మొదటి మూడింటిలో ఉండాలని పట్టుబట్టాలి. ప్రయాణ ఖర్చుతోపాటు ఆ రోజు పోయిన కూలి కూడా ఇవ్వాలి. లేకపోతే తీరిక, డబ్బు ఉన్నవాళ్లే వస్తారు. సమావేశం పెట్టే రోజు కూడా చూసుకోవాలి. డయాలిసిస్ చేయించుకునేవాళ్లు సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు యంత్రం దగ్గరే ఉంటారు. కిడ్నీ విభాగంపై చర్చ వాళ్ల వంతు రోజున పెడితే, ఎవరి కోసం చర్చో వాళ్లే ఉండరు.

ఈ ఏడాది మేము ఎక్కువ శ్రద్ధ పెట్టింది డిశ్చార్జి చీటీ మీద. చిన్న కాగితమే అయినా, ప్రాణం మీదికి తెచ్చే తప్పులు అందులోనే దొర్లుతాయి. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని మనిషి చనిపోవచ్చు. ‘వారానికి ఒకసారి’ అని రాస్తే సరిపోదు. ‘ప్రతి సోమవారం మాత్రమే’ అని రోజు పేరుతో రాయాలి, మాత్ర ఎన్ని మిల్లీగ్రాములదో, ఎన్ని మాత్రలో కూడా ఉండాలి. అలాగే 1-0-1 అన్న గుర్తు రాసినవాళ్లకు తేలికే, తొలిసారి చూసినవాళ్లకు లెక్కలా ఉంటుంది. ‘ఉదయం ఒకటి, రాత్రి ఒకటి’ అని మాటల్లో రాయమని కోరాం. చీటీని సరిచూసే పద్ధతి ఇది: రోగి చేతికిచ్చి, ‘ఇంటికెళ్లాక ఏ మందు ఎప్పుడు వేసుకుంటారో మీ మాటల్లో చెప్పండి’ అనాలి. ‘అర్థమైందా’ అని అడిగితే అందరూ తలూపుతారు.

అభిప్రాయ సేకరణ సంగతి. మంచం మీదున్న మనిషిని సిబ్బందే అడిగితే అంతా బాగుందనే చెబుతారు, రేపు మళ్లీ వాళ్ల చేతిలోనే పడాలి కదా. ఇంటికి వెళ్లాక, సిబ్బంది కానివాళ్లు అడగాలి. ‘తృప్తిగా ఉందా’ అనడం మాని, ‘మందు ఎందుకో చెప్పారా, నొప్పి ఉందన్నాక ఎంతసేపటికి వచ్చారు’ అని జరిగినదాన్ని అడగాలి. డాక్టరును చూడకుండానే విసిగి వెళ్లిపోయినవాళ్లు ఏ సర్వేలోనూ కనబడరు. వాళ్ల కోసం ఓపీ రిజిస్టరు చూడాలి.

ఏ ఫలితాన్ని కొలవాలో తేల్చేటప్పుడు కూడా రోగి ఉండాలి. కీళ్ల జబ్బుల చికిత్సలో ఏం కొలవాలో చర్చించే ఒమెరాక్ట్ అనే అంతర్జాతీయ బృందం 2002లో తొలిసారి రోగులను కూర్చోబెట్టింది. అప్పటిదాకా వాపు, నొప్పి, రక్త పరీక్షల వంటివి లెక్కలోకి వచ్చేవి. తమను రోజూ కుంగదీస్తున్నది అలసట అని రోగులు చెప్పారు. 2006లో అది కూడా కొలవాల్సిన జాబితాలో చేరింది.

కమిటీల నుంచి జవాబు రాబట్టడానికి నాలుగు గడుల పట్టిక తయారుచేశాం: ఏం చెప్పాం, ఎవరు నిర్ణయించారు, ఏం మారింది లేదా ఎందుకు మారలేదు, ఎప్పటికి పూర్తవుతుంది. తిరస్కరించినా కారణం రాస్తే దాన్ని గౌరవిస్తాం. మూడో గడి ఖాళీగా ఉన్న పట్టికను తర్వాతి సమావేశంలో మొదటి అంశంగా పెట్టిస్తాం.

మా లోటు చెప్పుకోవాలి. మానసిక చికిత్స పొందుతున్నవాళ్లు, కౌమార వయసువాళ్లు, ఇంట్లో మంచాన పడ్డవాళ్లను చూసుకునేవాళ్లు మా జాబితాలో ఇప్పటికీ తక్కువే. వాళ్లను సమావేశానికి రమ్మనడం కంటే వాళ్లున్న చోటికే వెళ్లడం మేలని కార్యవర్గం భావిస్తోంది. మందుల కంపెనీల నుంచి రోగుల సంఘాలకు డబ్బు రావడం తెలిసిన సంగతే కాబట్టి, ప్రతి ప్రతినిధి ఆ కంపెనీలతో తనకున్న సంబంధాలను ఏటా రాతపూర్వకంగా వెల్లడించాలన్న నియమాన్ని సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాం. జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం. ప్రతినిధులుగా వెళ్లదలచినవారు సమావేశం రోజునే పేరు ఇవ్వాలి, తొలి శిక్షణలో డిశ్చార్జి చీటీ చదవడం నేర్పుతాం.