జాబితాలో పేరు లేని ప్రయాణికుల గురించి రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. సైనిక విమానాల్లో అనుమతి లేని పౌరులను ఎక్కించుకోవడంపై నేను పంపిన వినతిపత్రాలకు సంబంధిత అధికారుల నుంచి రసీదులు తప్ప జవాబు రాలేదు కనుక ఈ లేఖను నలుగురూ చదివేలా రాస్తున్నాను. నా ఉద్యోగ జీవితమంతా సరుకుల బరువు, ప్రయాణికుల జాబితా చూసే పనిలోనే గడిచింది. నిబంధనలు మీకు తెలిసినవే. అవి ఎక్కడ తప్పుతున్నాయో చెప్పడానికే ఈ లేఖ.

జవాన్లను, సరుకులను చేరవేసే సైనిక కొరియర్ విమానంలో చోటు కోసం జవాన్లు సెలవు కాగితాలు పట్టుకొని రోజుల తరబడి ఎదురుచూస్తారు. ఒకరికి ఇంట్లో చెల్లెలి పెళ్లి, మరొకరికి తండ్రి ఆపరేషన్. తీరా బయల్దేరే వేళకు ఎవరో పెద్దవారి బంధువులు వస్తున్నారని ఫోను వస్తుంది, జాబితాలో ఉన్న జవాను దిగిపోతాడు. ఇదంతా నోటిమాట మీదే నడుస్తుంది. కాగితం మీద జవాను పేరు అలాగే ఉంటుంది, అతని సీట్లో మాత్రం మరెవరో కూర్చుంటారు. ఆ విమానానికి ఏదైనా జరిగితే కబురు ఎవరి ఇంటికి వెళుతుంది? బతికున్న కొడుకు కోసం ఒక తల్లి ఏడుస్తుంది, పోయిన మనిషి ఇంటికి మాత్రం ఎవరూ ఫోను చేయరు.

2015 జూన్ 30న ఇండోనేషియాలోని మెడాన్‌లో సైనిక హెర్క్యులిస్ విమానం టేకాఫ్ అయిన కొద్దిసేపటికే ఇళ్ల మీద కూలింది. అందులో ఎంతమంది ఉన్నారో అధికారులు వెంటనే చెప్పలేకపోయారు. ఆ సంఖ్య గంటగంటకూ పెరిగి వందను దాటింది. తమవాళ్లు డబ్బు కట్టి ఎక్కారని కొందరు మృతుల బంధువులు చెప్పాకే, పౌరులను ఎక్కించడంపై అక్కడ గట్టిగా ప్రశ్నలు వచ్చాయి. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ బయల్దేరి బంగాళాఖాతంపై అదృశ్యమైన మన వైమానిక దళ రవాణా విమానం ఏఎన్-32లో 29 మంది ఉన్నారు. వారిలో విశాఖలోని నౌకాదళ ఆయుధ డిపోకు (నేవల్ ఆర్మమెంట్ డిపో) చెందిన ఎనిమిది మంది పౌర ఉద్యోగులూ ఉన్నారు. శకలాల జాడ 2024లో గానీ దొరకలేదు, అదీ సముద్రంలో సుమారు 3,400 మీటర్ల లోతున. అన్నేళ్ల నిరీక్షణలో ఆ కుటుంబాలకు ఉన్న ఒకే ఆధారం తమవారి పేరు జాబితాలో ఉండటం. దొడ్డిదారిన ఎక్కినవారి కుటుంబానికి ఆ ఆధారం కూడా ఉండదు. ఎక్కే ముందు పౌరులు రాసిచ్చే పూచీ పత్రం (ఇండెమ్నిటీ బాండు) మీద సంతకం ఉండదు కనుక, పరిహారం అడగబోతే ఆ మనిషి అసలు విమానం ఎక్కాడని ముందు వాళ్లే నిరూపించుకోవాలి.

బరువు సంగతీ చెప్పాలి. లేహ్ వంటి ఎత్తైన చోట గాలి పలచన కావడంతో విమానం మోయగల బరువే తగ్గుతుంది. అక్కడ లెక్కలోకి రాని నలుగురు మనుషులు, వారి పెట్టెలు అంటే పైలట్‌కు తప్పుడు లెక్క చేతికిచ్చినట్టే.

పౌరులను అసలే ఎక్కించవద్దని నేను అనడం లేదు. చలికాలంలో శ్రీనగర్ నుంచి కార్గిల్ వెళ్లే దారిలోని జోజిలా కనుమ మూసుకుపోయినప్పుడు వైమానిక దళం నడిపే కార్గిల్ కొరియర్‌లో పౌరులు పేరు నమోదు చేసుకొని, చార్జీ కట్టి ప్రయాణిస్తున్నారు. వరదల్లో చిక్కుకున్నవారిని, రోగులను తరలించడం సైన్యానికి గౌరవం. నా బాధంతా పేరు రాయకుండా ఎక్కించేవారి గురించే.

దయచేసి తలుపు మూసేముందు జాబితాతో మనుషులను సరిపోల్చి సంతకం చేయడాన్ని తప్పనిసరి చేయండి. చోటు ఇమ్మని చెప్పిన అధికారి పేరు కూడా ఆ కాగితంపైనే రాయించండి. కాదనే కిందిస్థాయి ఉద్యోగికి బదిలీ భయం లేకుండా చూడండి, ఎందుకంటే ఇప్పుడు కాదనగలిగినవాడు అతనొక్కడే, శిక్ష పడేదీ అతనికే. దీనిపై మీ నిర్ణయం ఏమిటో లిఖితపూర్వకంగా తెలియజేయమని మరొక్కసారి వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు